కర్నూలులో హంద్రీ నది దగ్గర ఇల్లు చూశాం, 2009 వరద నీళ్ళు ఏ వీధిదాకా వచ్చినాయో చెప్పేవాళ్ళున్నారా?

ఇల్లు_వేట
కర్నూలు వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. నేను బెంగళూరులో పనిచేస్తాను. మాది ఎమ్మిగనూరు పక్కన పల్లె, అత్తగారిది కర్నూలు. హంద్రీకి నాలుగు వీధుల ఇవతల ఒక పాత ఇల్లు చూశాం, మూడున్నర సెంట్లు, కింద రెండు గదులు వంటిల్లు, పైన ఖాళీ మిద్దె. రేటు మా చేతికి అందేటట్టే ఉంది, అదే నాకు అనుమానం. 2009 వరద సంగతి అడిగితే బ్రోకరేమో "సార్, నీళ్ళు ఈ వీధి మొదటిదాకా వచ్చినాయి, ఈ ఇంటి గడప తాకలేదు" అంటాడు. మా మామ మూడడుగులు వచ్చి ఉంటాయంటాడు. ఎదురింటాయన అసలు ఈ వీధికి వరదే రాలేదన్నాడు, తర్వాత చూస్తే ఆయన ఇల్లు కూడా అమ్మకానికి ఉందంట. ఒక ఆఫీసుకు పోయి వరద మ్యాపు ఏమైనా ఉందా అని అడిగితే, పన్ను కట్టడానికి వచ్చినావా అంటే ఆ కిటికీ అన్నారు.
అంత పెద్ద వరదకు మునిగిన ఊరు. నీళ్ళు యాడిదాకా వచ్చినాయో చెప్పే గుర్తు ఒక్కటి కూడా లేదా?

ఉగ్గాని_బజ్జి
గడప తాకకుండా వీధి మొదట్లోనే ఆగిపోయిందంటే చాలా సంస్కారం ఉన్న వరద. చెప్పులు కూడా బయటే విడిచి ఉంటుంది.

పాతబస్తీ_పిల్లోడు
అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. శుక్రవారం, గాంధీ జయంతి, బడి లేదు. దసరా పోయి నాలుగు రోజులే అయింది. మా నాయనది బట్టల అంగడి, దీపావళి సరుకు దిగింది, మూటలు కూడా విప్పలేదు. పొద్దున వీధిలో నీళ్ళు కనపడితే మురికి కాలువ పొంగిందనుకున్నాం. మా అమ్మ చీపురు తీసుకుని గడప దగ్గర బయటికి తోస్తా ఉంది. నిజంగా చెప్తున్నా, తుంగభద్రను చీపురుతో తోసింది. అరగంటలో మోకాలు, ఇంకాసేపటికి నడుము. గ్యాసు బండ వంటింట్లోనుంచి తేలుకుంటా మా దగ్గరికే వచ్చింది. బియ్యం మూట పైకి మోద్దామంటే నీళ్ళ బరువుకు లోపలి తలుపు తెరుచుకోలేదు.
మిద్దె మీదికి పదకొండు మందిమి ఎక్కినాం, మేము ఐదుగురం, కిందింటి వాళ్ళు ఐదుగురు, ఎవరో తెలీని ముసలాయన ఒకడు. రెండు రాత్రులు మా టార్పాలిన్ కిందనే పడుకున్నాడు, నీళ్ళు తీసినాక లేచి "వస్తా నాయనా" అని పోయినాడు, పేరు ఈరోజుకీ తెలీదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మిద్దె నుంచి మిద్దెకు కేకలేసి "మీకు ఎన్ని మెట్లు మునిగినాయి" అని అడుక్కోవడమే. మా మెట్లు పద్దెనిమిది. పదమూడు మునిగినాయి.
వీధి పేరు చెప్పు, మిగతాది నేను చెప్తా.

ఇల్లు_వేట
వీధి పేరు ఇక్కడ పెడితే ఇంటాయన చూస్తాడేమోనని భయం. జోహరాపురం వైపు కాదు, ఊరి వైపే. పాత బస్టాండుకు నడిచి పోవచ్చు.

పాతబస్తీ_పిల్లోడు
పాత బస్టాండుకు నడిచి పోయే దూరమా. ఇంక అడిగేదేముందిలేప్పా.

బోర్డు_మీటరు
నీళ్ళు తీసినాక ఇంటింటికీ తిరిగి కరెంటు బోర్డులు, మీటర్లు చూసిన బ్యాచిలో నేనూ ఉన్నా, కాబట్టి నా మాట విను. గోడలు చూడొద్దు, గోడకు ఎప్పుడో సున్నం కొట్టి ఉంటారు, అమ్మే ముందు పుట్టీ కూడా పెట్టి ఉంటారు. అటక లోపల చూడు, అక్కడ ఎవరూ రంగు వేయరు. దేవుడి గూడు లోపల వైపు చూడు. పాత చెక్క బోర్డు ఉంటే వెనక వైపు చూడు, బురద గీత మిగిలి ఉంటుంది. దార్వాజా కింది భాగం ఉబ్బిందా, తలుపు కింద కోసి మళ్ళీ బిగించినట్టుందా చూసుకో. ఇంట్లో పాత ఇనుప బీరువా ఉంటే ఇంక ఏ ఆఫీసుకూ పోనక్కరలేదు, గోడ వైపు తిప్పు, తుప్పు ఎంత ఎత్తుదాకా ఉందో నీళ్ళు అంతే. ఇంటి లోపల అబద్ధం చెప్పినా వీధిలో గుడో దర్గానో ఉంటుంది, దాని వెనక గోడకు సున్నం కొట్టరు.
ఒక ఇంట్లో నేను బోర్డు విప్పితే లోపలినుంచి చేపపిల్ల పడింది. ఎవరూ నమ్మరు, నేను చెప్పడం మానను.

ఉగ్గాని_బజ్జి
పోయినసారి చెప్పినప్పుడు పాము కదా అన్నా?

బోర్డు_మీటరు
పాము వేరే ఇల్లు.

కేసీ_కాలువ
ఎవరూ అసలు సంగతి మాట్లాడట్లేదు. అది వాన వల్ల వచ్చిన వరద కాదు, గేట్ల వల్ల వచ్చిన వరద. మనకు కింద ఉన్న శ్రీశైలం డ్యాము పూర్తి మట్టం 885 అడుగులు. అప్పటికే డ్యాము నిండుకుండ, సెప్టెంబరు చివర్లో నీళ్ళు కిందికి వదిలి ఖాళీ పెట్టుకోకుండా కరెంటు కోసం పట్టుకుని కూర్చున్నారు. పైనుంచి ఒకేసారి 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చాయి. డ్యాములో మట్టం 896.5 అడుగులదాకా పోయింది. పన్నెండు గేట్లూ ఎత్తినా వచ్చింది వచ్చినట్టు పోలేదు. నీళ్ళు వెనక్కి తన్నాయి, మనం మునిగాం. ఇది నేరం. ప్రమాదం కాదు.

మంత్రాలయం_రోడ్డు
సగం ఒప్పుకుంటా, సగం ఒప్పుకోను. వాన లేదంటావేంది? సెప్టెంబరు 30 నుంచి మూడు రోజులు బళ్ళారి, రాయచూరు, మన పడమటి మండలాల్లో ఆకాశం చిల్లు పడినట్టు కురిసింది. ఆ వానలో ఎక్కువ భాగం పడింది తుంగభద్ర మీది హోస్పేట డ్యాముకు కింద. అందుకే ఆ డ్యాము ఆపలేకపోయింది, ఆపడానికి నీళ్ళు దాని దగ్గరికే రాలేదు. వేదవతి, వాగులు వంకలు అన్నీ తుంగభద్రలో పడి ముందు మంత్రాలయం మునిగింది. మఠంలోకి నీళ్ళు వచ్చి భక్తులు పై అంతస్తులు ఎక్కారు. మంత్రాలయానికి శ్రీశైలం వెనక నీళ్ళు వచ్చాయా? రాలేదు కదా? సుంకేసుల దగ్గరికి వచ్చేసరికి బ్యారేజీ కట్టిన లెక్కకు దాదాపు రెట్టింపు వరద, కట్ట తెగింది. ఇవన్నీ కర్నూలుకు పైన జరిగినవి.

కేసీ_కాలువ
మంత్రాలయం మునిగి ఒక రోజులో తీసింది. కర్నూలులో నీళ్ళు రెండు రోజులు కదలకుండా నిలబడినాయి. ఎందుకు నిలబడినాయి? కింద పోయే దారి లేక. అదే నేను చెప్పేది.

సివిల్_మేస్త్రీ
ఇద్దరూ కరెక్టే, పదిహేనేళ్ళకు పైగా ఇదే గొడవ పడుతున్నారు, ఈ వేదికలోనే నేను మూడోసారి చూస్తున్నా. 896 అడుగులంటే 273 మీటర్లు. మన ఊరి పల్లం కూడా సుమారు ఆ మట్టమే. పైనుంచి వచ్చే నది, పక్కనుంచి వచ్చే హంద్రీ, కింద నిండిన డ్యాము. హంద్రీ మామూలు రోజుల్లో కాలి మడమ తడవదు, ఆ రోజు అది తుంగభద్రలో కలవాలంటే తుంగభద్ర దారి ఇవ్వలేదు, తిరిగి ఊళ్ళోకి వచ్చింది. అందుకే నదికి దూరం అనుకున్న వీధులు కూడా మునిగినాయి. ఇల్లు_వేట గారూ, మీకు పనికొచ్చేది ఇదొక్కటే. నదినుంచి ఎన్ని వీధులు అని లెక్కపెట్టొద్దు, ఎంత ఎత్తు అని చూడండి. నది ఒడ్డున గట్టు మీద ఉన్న ఇల్లు బతికింది, నాలుగు వీధుల అవతల గుంతలో ఉన్న ఇల్లు పోయింది.

ఆలంపురం_మనవడు
మా ఊరికి శ్రీశైలం నీళ్ళు రాకుండా అడ్డగోడ కట్టారు కదా. ఆ సంవత్సరం నీళ్ళు లోపలికి వచ్చినాక అదే గోడ బయటికి పోనీయకుండా అడ్డం నిలబడింది. మా జేజి ఆ గోడను తిట్టినట్టు మా జేజినాయనను కూడా తిట్టలేదు.

ఇల్లు_వేట
సివిల్_మేస్త్రీ గారూ, ఎత్తు ఎట్లా తెలుసుకోవాలి?

సివిల్_మేస్త్రీ
సర్వేయరును పట్టుకుని ఒక పూట లెవెల్ తీయించండి, ఇంటి ధరలో అది చిల్లర ఖర్చు. లేదంటే పెద్ద వాన రోజు పోయి ఆ వీధిలో నీళ్ళు ఏ వైపు పారుతున్నాయో చూడండి. మీ ఇంటి వైపు పారితే బండి వెనక్కి తిప్పుకోండి.

సి_క్యాంపు_అక్క
మా వైపు ఎత్తు, మాకు నీళ్ళు రాలేదు. మా రెండు గదుల్లో తొమ్మిది రోజులు ఇరవై ఏడు మంది ఉన్నారు, మా ఆడపడుచు వాళ్ళు, వాళ్ళ పక్కింటి వాళ్ళు, వాళ్ళ టైలరు. నాకు వంట తప్ప ఇంకేం గుర్తు లేదు. నీళ్ళు తీసినాక ఆడపడుచు వాళ్ళింటికి కడగడానికి పోయినాం. మోకాలి ఎత్తు ఒండ్రు, పారలతో తోడి వీధిలో పోస్తే వీధి నిండిపోయింది. ఆ వాసన నాకు ఇప్పటికీ కొత్త వాన పడితే గుర్తొస్తుంది, అందరికీ మట్టి వాసన ఇష్టం, నాకు కడుపులో తిప్పుతుంది.
పెళ్ళి ఆల్బం దొరికింది. పేజీలు అతుక్కుపోయినాయి. మెల్లగా విడదీస్తే మనుషుల మొహాలు అవతలి పేజీకి పోయినాయి, ఇవతల చీర అంచు ఒక్కటి మిగిలింది. ఆమె ఆ పేజీలు ఇంకా దాచుకుంది. సర్టిఫికెట్లు, భూమి పత్రాలు అయితే దండెం మీద బట్టల మాదిరి ఆరేసినాం, ఊరంతా అదే పని.

కొత్త_పావురం
నేను 2011లో పుట్టినా. మా బడిలో ఈ వరద గురించి ఒక్క ముక్క చెప్పలేదు. కొండారెడ్డి బురుజు గురించి మాత్రం ప్రతి ఏడాదీ చెప్తారు.

జగన్నాథగట్టు
ఎటూ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. కర్నూలు చరిత్రలో ఘోరాలు అంటే మీ లెక్కలో ఏవేవి? 2009 మొదటిదేనా?

ఉగ్గాని_బజ్జి
1956 నవంబరు 1. రాజధాని పోయింది. ప్రాణనష్టం లేదు, పరువు నష్టం ఉంది.

కేసీ_కాలువ
హహ. మూడేళ్ళు రాజధాని, ఆనక ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అని పేర్లు మిగిలినాయి. ఆ క్యాంపులు రాజధాని ఉద్యోగుల కోసం వేసినవని మా తాత చెప్పేవాడు. వరదలో జనం పరిగెత్తింది కూడా అటే, కాబట్టి రాజధాని పూర్తిగా దండగ కాలేదు.

రిటైర్డ్_లెక్చరర్
ఘోరం అంటే ముందు ధాత కరువు చెప్పాలి. 1876 నుంచి 78 దాకా. సీమ జిల్లాలన్నీ చితికిపోయాయి, మన జిల్లా అందులో ముందు వరసలో ఉంది. రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి పనికి పోయిన మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌనంటే 450 గ్రాములు. రాళ్ళు కొట్టే మనిషికి. అప్పటికే సుంకేసుల దగ్గర ఆనకట్ట ఉంది, కర్నూలు కడప కాలువ కూడా ఉంది, ఒక ప్రైవేటు కంపెనీది. కాలువలో నీళ్ళున్నంత మాత్రాన కడుపు నిండదని అప్పుడే తేలింది. ఆ కంపెనీ దివాలా తీస్తే 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. ఈ చర్చా దారంలో కేసీ_కాలువ అని పేరు పెట్టుకున్నాయన ఇది చెప్పి ఉండాల్సింది.

కేసీ_కాలువ
సార్, నేను ఆ కాలువలో ఈత నేర్చుకున్నా, అందుకే ఆ పేరు. కరువుతో సంబంధం లేదు.

మంత్రాలయం_రోడ్డు
అది డొక్కల కరువు కదా సార్?

రిటైర్డ్_లెక్చరర్
డొక్కల కరువు గుంటూరు వైపు 1832, 33లో వచ్చింది. నందన నామ సంవత్సరం కాబట్టి నందన కరువు అని కూడా అంటారు. మనది ధాత. రెండూ కలిపేయడం మామూలే. ఆకలికి సంవత్సరం పేరుతో పనేముంది.
ఇంకొకటి. ఇల్లు_వేట గారు వద్దన్న జోహరాపురం ఉంది చూడండి, 1839 అక్టోబరులో అక్కడే చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను ఈస్టిండియా కంపెనీ సైన్యం పట్టుకుంది. కోటలో లెక్కకు మించిన ఆయుధాలు, మందుగుండు దాచాడని అభియోగం. కొట్లాట జరిగింది, ఓడిపోయాడు, తిరుచిరాపల్లికి తీసుకుపోయారు, మరుసటి ఏడాది అక్కడ పొడిచి చంపారు. అది నేరమా, యుద్ధమా, కుట్రా అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. ఊరి చరిత్ర అక్కడే మలుపు తిరిగింది.

ఉగ్గాని_బజ్జి
సార్ దయచేసి ఇది బ్రోకరుకు చెప్పొద్దు. చారిత్రక ప్రదేశం అని సెంటుకు లక్ష పెంచుతాడు.

నిద్రలేని_స్లీపరు
నా లెక్కలో 44వ నంబరు హైవే. 2013లో పాలెం దగ్గర బెంగళూరునుంచి హైదరాబాదు పోయే బస్సు కల్వర్టుకు తగిలి డీజిల్ ట్యాంకు పగిలింది, 45 మంది పోయినారు. 2025లో మన చిన్నటేకూరు. తెల్లవారుజామున మూడు గంటలకు, దారి మీద పడి ఉన్న బైకును బస్సు ఈడ్చుకుపోయింది, పెట్రోలు, నిప్పురవ్వలు. 19 మంది ప్రయాణికులు, బైకు మీది అబ్బాయితో కలిపి ఇరవై. బస్సులో సెల్‌ఫోన్ల పార్సిల్ కూడా ఉంది, ఆ బ్యాటరీలు మంటను పెంచాయి.
నేను నెలకు రెండుసార్లు ఆ దారిలో పడుకుని పోతా. కర్నూలు ఎప్పుడు దాటామో కూడా తెలిసేది కాదు. ఇప్పుడు ఎక్కగానే అద్దం పగలగొట్టే సుత్తి యాడుందో వెతుకుతా. రెండుసార్లు సుత్తి లేదు, కొక్కెం ఉంది. డ్రైవరును అడిగితే "ఎవరో తీసుకుపోయినారు సార్, ఇంట్లో మేకులు కొట్టుకోవడానికి" అన్నాడు. అప్పటినుంచి నా బ్యాగులో నేనే ఒకటి పెట్టుకుంటున్నా.

కొత్త_పావురం
ఒకటి గమనించినారా? వరద అక్టోబరు 2. పాలెం అక్టోబరు 30. చిన్నటేకూరు అక్టోబరు 24. నవాబు కూడా అక్టోబరే. మన ఊరికి అక్టోబరు అచ్చిరాదు.

రిటైర్డ్_లెక్చరర్
ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా వచ్చింది కూడా 1953 అక్టోబరు 1ననే బాబూ.

ఉగ్గాని_బజ్జి
చెప్పినా కదా, అది కూడా నష్టమే.

మంత్రాలయం_రోడ్డు
పాలెం మన జిల్లానే కాదు. 2021 ఫిబ్రవరి 14న వెల్దుర్తి మండలంలో టెంపో పోయి లారీని కొట్టింది, మదనపల్లె వాళ్ళు 14 మంది, అజ్మీర్ పోతున్నారు పాపం. అది ఫిబ్రవరి. వానలు అక్టోబరులో వస్తాయి సరే, నిద్రమత్తు డ్రైవరుకు క్యాలెండరుతో ఏం పని?

అనంతపురం_అల్లుడు
మాకూ 2022 అక్టోబరులోనే నడిమివంక పొంగి కాలనీలు మునిగినాయి. అనంతపురంలో వరద అంటే కర్నూలులో ఉన్న మా బావ ఫోన్లో నవ్వినాడు, మీకు తాగడానికే నీళ్ళు లేవు మునగడానికి యాడివి అని. వంకలో ఇళ్ళు కట్టినాం, వంక దాని ఇంటికి అది వచ్చింది. ఇల్లు_వేట అన్నా, నువ్వు అడిగిన ప్రశ్న మా ఊళ్ళో ఎవరూ అడగలేదు, అందరికీ సైటు తూర్పు ముఖమా కాదా అన్నదే టెన్షన్.

కడప_కారం
మా దిక్కున 2021 నవంబరు 19. కార్తీక పౌర్ణమి. పైన పింఛా కట్ట తెగి, ఆ నీళ్ళన్నీ వచ్చి తెల్లవారేసరికి చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరులో శివాలయంలో దీపాలు పెట్టడానికి పోయినవాళ్ళను కూడా ఏరు తీసుకుపోయింది. ముప్పై మందికి పైనే పోయినారు. మీరు మిద్దెలు ఎక్కి రెండు రోజులు కూర్చున్నామంటున్నారు, వాళ్ళకు మిద్దె ఎక్కే టైము కూడా దొరకలేదు. అంతే చెప్పదలుచుకున్నా, పోటీ కాదు.

పాతబస్తీ_పిల్లోడు
పోటీ అనుకోలేదు అన్నా. మాకు నీళ్ళు మెట్టు మెట్టు ఎక్కినాయి, అదొక్కటి అదృష్టం.

తాడిపత్రి_రాయి
ఘోరాల లెక్క అంటున్నారు, ఒక్కరూ ఫ్యాక్షన్ మాట ఎత్తరేంది? సీమలో మొదటి పేజీ అది కదా.

వేదిక_కాపలా
ఎత్తరు, నేను తీసేస్తా కాబట్టి. పోయినసారి ఆ చర్చ నాలుగు పేజీలు నడిచి చివరికి ఎవరి తాత ఎవరి తాతను కొట్టాడో దాకా వచ్చింది. పేర్లు, కులాలు, పార్టీలు లేకుండా రాయగలిగితే వేరే దారం తెరవండి. ఇక్కడ అడిగింది ఇల్లు.

తాడిపత్రి_రాయి
పేర్లు, కులాలు, పార్టీలు లేకుండా ఫ్యాక్షన్ గురించి రాయాలంటే ఇంక వేటకొడవలి గురించి మాత్రమే రాయాలి.

మూసీ_పక్కన
హైదరాబాదులో ఉంటా, పుట్టింది కర్నూలు. ఇక్కడ 1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చినప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారని చెప్తారు. నూరేళ్ళు దాటినా ఏటా ఆ చెట్టు కింద కలిసి తలుచుకునేవాళ్ళున్నారు. మన ఊళ్ళో అంత కాకపోయినా ఒక కరెంటు స్తంభానికి ఎర్ర గీత గీసి తేదీ రాయడానికి ఏం రోగం?

గుడ్డి_దీపం
ఏం రోగమో నేను చెప్తా. గీత గీస్తే ఇంటి రేటు పడిపోతుంది, అంతే. మా వీధిలో ఒక స్తంభానికి కుర్రాళ్ళు పెయింటుతో గీత గీసినారు, వారం లోపల ఎవరో రాత్రికి రాత్రి తెల్ల రంగు పూసినారు.
ఇంకో సంగతి. మా ఇంట్లో నీళ్ళు తీసిన రెండో రాత్రి దొంగలు పడ్డారు. మేము సి క్యాంపు వైపు చుట్టాల ఇంట్లో ఉన్నాం, తాళం పగలగొట్టి ఇత్తడి బిందెలు, కుట్టు మిషను తలకాయ తీసుకుపోయినారు. బురదలో వాళ్ళ అడుగులు చక్కగా కనపడినాయి, ఒకడికి చెప్పు ఇరుక్కుపోయి వదిలేసి పోయినాడు. ఫిర్యాదు చేస్తే "ఊరే మునిగింది, నీ బిందెలు ఎవరు వెతుకుతారు" అన్నారు, నిజమే మరి.
సాయం రాసుకునేటప్పుడు చూడాల మీరు. చుక్క నీళ్ళు రాని వీధులవాళ్ళు కూడా నడుములోతు మునిగినాం అని వరసలో నిలబడినారు. మా పక్క వీధిలో ఒకాయన పొడి గోడకు తానే బురద పూసుకున్నాడు. అప్పుడు మునగకపోయినా మునిగినాం అని సంతకాలు పెట్టినవాళ్ళు, ఇప్పుడు మునిగినా మునగలేదని అమ్ముతున్నారు.

ఉగ్గాని_బజ్జి
ఈ దారానికి ఇదే మొనగాడు పోస్టు.

బోర్డు_మీటరు
గుడ్డి_దీపం చెప్పినదాంట్లో ఉపాయం ఉంది. ఇల్లు_వేట, నువ్వు పోయి నీళ్ళు వచ్చినాయా అని అడగొద్దు. "వరద సాయం మీకు సరిగా అందిందా అన్నా" అని అడుగు. అంతే. ఆనక నోరు మూసుకుని విను.

సి_క్యాంపు_అక్క
ఇంట్లో ఆడవాళ్ళను అడుగు నాయనా. మగవాళ్ళు రేటు చూసుకుని మాట్లాడతారు. బురద ఎత్తిపోసినోళ్ళు మరిచిపోరు.

కేసీ_కాలువ
పోయే ముందు శ్రీశైలం మట్టం ఎంతుందో కూడా చూసుకో.

మంత్రాలయం_రోడ్డు
మళ్ళీ మొదలుపెట్టినాడు.

కేసీ_కాలువ
ఆ వరదే కిందికి పోయి అక్టోబరు 5న విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, 2024 సెప్టెంబరు దాకా ఆ రికార్డు కదల్లేదు. వాళ్ళకు రెండు రోజుల ముందు కబురు అందింది. మాకు కబురు నీళ్ళే తెచ్చినాయి. అది కూడా నేను మొదలుపెట్టిందేనా?

మంత్రాలయం_రోడ్డు
కబురు లేదన్నదానికి ఒప్పుకుంటా. మాకు ఆ రోజు అందింది పుకార్లే. సుంకేసుల పోయిందని ఒకడు, హోస్పేట డ్యాము తెగిందని ఒకడు, శ్రీశైలం పగిలిందని ఒకడు. మొదటిదాంట్లో మాత్రమే నిజం ఉంది, మేము నమ్మింది రెండోది.

పాతబస్తీ_పిల్లోడు
అప్పటికి నెల కిందటే ముఖ్యమంత్రి హెలికాప్టరు మన జిల్లా కొండల్లోనే పావురాలగుట్ట మీద కూలింది. సెప్టెంబరు 2. రోశయ్య గారు వచ్చి నెల రోజులు. ఊరంతా ఇంకా ఆ మాటల్లోనే ఉంది, నది వైపు ఎవరు చూస్తారు. మా మిద్దె పైన హెలికాప్టరు వచ్చి అన్నం పొట్లాలు వేసినప్పుడు కూడా మా నాయన ముందు అదే అన్నాడు, జాగ్రత్తగా పోనీ స్వామీ అని. పొట్లాలు నాలుగు నీళ్ళలో పడ్డాయి, ఒకటి మాకు దొరికింది. పులిహోర. పదకొండు మందికి.

ఇల్లు_వేట
ఆదివారం పోయి వచ్చినా. వరసగా చెప్తా.
బ్రోకరు ముందే వచ్చి నిలబడినాడు. గోడలు తెల్లగా మెరుస్తున్నాయి, బోర్డు_మీటరు గారు చెప్పినట్టే పుట్టీ వాసన ఇంకా పోలేదు. అటక చూస్తానంటే నిచ్చెన లేదన్నాడు. దేవుడి గూట్లో కొత్తగా టైల్స్ అతికించినారు. బీరువా ఉంది కానీ గోడకు ఆనించి పక్కనే పెద్ద మంచం పెట్టినారు, తిప్పడానికి లేదు. ఇంక ఈ వేదిక చదివి ఇల్లు సర్దినారేమోనని నాకే డౌటు వచ్చింది.
అప్పుడు ఇంటాయన కాఫీ తెచ్చినాడు. పెద్దమనిషి, అరవై ఐదు ఉంటాయి. బోర్డు_మీటరు చెప్పిన మాట గుర్తొచ్చి, మెల్లగా "పెద్దాయనా, అప్పట్లో వరద సాయం మీకు సరిగా అందిందా" అన్నా.
కాఫీ గ్లాసు కింద పెట్టేసినాడు. "సాయమా? మీరే చెప్పండి సార్, ఇది న్యాయమా? పైవీధిలో పాదం తడవనోడికి డబ్బులిచ్చినారు. నాకు, ఇదిగో ఈడిదాకా" అని లేచి నిలబడి చెయ్యి పైకెత్తి ఫ్యాను రెక్క కింద చూపించినాడు, "ఈడిదాకా నీళ్ళు వస్తే లిస్టులో నా పేరే లేదు!" అని పదిహేను నిమిషాలు ఆగలేదు. లోపలినుంచి ఆయమ్మ కూడా వచ్చింది. బియ్యం, పసుపు, కూతురి పెళ్ళికి కొన్న పరుపులు, అన్నీ లెక్క చెప్పింది. మంచం తనే పక్కకు లాగి బీరువా వెనక చూపించింది. తుప్పు పైదాకా ఉంది.
బ్రోకరు ఆ పదిహేను నిమిషాలూ ఫోనులో ఏదో చూసుకుంటా ఉన్నాడు, స్క్రీను ఆపేసి ఉంది.

ఉగ్గాని_బజ్జి
ఫ్యాను రెక్కదాకా వచ్చినా గడప తాకలేదంటే పైనుంచి దిగినట్టుంది.

బోర్డు_మీటరు
నేను చెప్పలా.

గుడ్డి_దీపం
పాపం ఆ పెద్దాయనకు నిజంగానే అన్యాయం జరిగింది కదా. మనం నవ్వుతున్నాం గానీ.

ఇల్లు_వేట
అవును అన్నా. వచ్చేటప్పుడు ఆయన గేటు దాకా వచ్చి "మీరు కొనరులే, నాకు తెలుసు. నోరు జారినా" అన్నాడు. నవ్వినాడు కూడా. మా ఆవిడ బస్సులో మాట్లాడలేదు. రేటు ఇంకా తగ్గిస్తే పునాది ఎత్తి కట్టుకోవచ్చా అని ఆలోచిస్తున్నా అంటే, నువ్వు బెంగళూరులో ఉంటావు మునిగేది మా అమ్మానాయన అంది.

సివిల్_మేస్త్రీ
ఆమె మాట వినండి. ఫ్యాను రెక్క ఎత్తుకు పునాది లేపితే అది ఇల్లు కాదు, వాటర్ ట్యాంకు.

కొత్త_పావురం
మరి ఇప్పుడు ఏం చేస్తున్నారు అన్నా?

ఇల్లు_వేట
నంద్యాల చెక్‌పోస్టు వైపు ఎత్తులో ఒకటి చూస్తున్నాం. బ్రోకరు మాత్రం అతనే.

ఉగ్గాని_బజ్జి
అక్కడ కూడా నీళ్ళు గడప తాకలేదన్నాడా?

ఇల్లు_వేట
అక్కడ నిజమే చెప్పినాడు. కొళాయి నీళ్ళు కూడా గడపదాకా రావంట, ట్యాంకరు తెప్పించుకోవాల.